దస్త్రం ఎక్కే మెట్లు
ఆన్‌లైన్ దరఖాస్తులో ఆమోద దశలు ఎలా ఏర్పడతాయి, పౌరులు ఏమి గమనించాలి

నగరపాలక సేవ కోసం దరఖాస్తు పెట్టుకున్న పౌరునికి మొదట లభించేది ఒక సంఖ్య. ఆ సంఖ్యను వెబ్‌సైటులో నమోదు చేసి చూసినప్పుడు ‘కేస్ వర్కరు పరిశీలనలో ఉన్నది’ అనో, ‘సహాయక రెవెన్యూ అధికారి ఆమోదానికై వేచి ఉన్నది’ అనో ఒక వాక్యం కనిపిస్తుంది. కొన్నాళ్ళకు ఆ వాక్యం మారుతుంది. ఒక్కొక్కప్పుడు వారాల తరబడి మారదు. మారనప్పుడు ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియక చాలామంది దళారుల వైపు చూస్తారు.

ఆ ఒక్క వాక్యం వెనుక ఒక అమరిక ఉన్నది. దరఖాస్తు ఎన్ని మెట్లు ఎక్కాలి, ఏ మెట్టు మీద ఎవరుంటారు, వారు ఏమి చేయగలరు, ఎన్ని రోజులలో చేయాలి అన్న సంగతులను సేవ ప్రారంభం కావడానికి ముందే నిర్ణయించి కంప్యూటరు వ్యవస్థలో అమర్చుతారు. ఆ అమరిక స్వరూపం తెలిసిన పౌరుడు తన దరఖాస్తు ఆగిన చోటును గుర్తించగలడు. ఆగడానికి తానిచ్చిన పత్రం కారణమా, కార్యాలయపు జాప్యం కారణమా, అమరికలోని లోపం కారణమా అన్నది వేరుచేసి చూడగలడు. ఆ అవగాహన కలిగించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాగితపు దస్త్రం నాటి క్రమం

దస్త్రానికి దారి నిర్ణయించడం కంప్యూటరుతో మొదలైన పని కాదు. పూర్వపు మద్రాసు రాజధానిలోని జిల్లా కార్యాలయాలలో టాటెన్‌హామ్ అనే అధికారి పేరుతో ఒక పద్ధతి స్థిరపడింది. వచ్చిన ప్రతి తపాలుకు ఒక కరెంటు సంఖ్య వేసేవారు. ప్రతి గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరులో ఆ సంఖ్య ఎదుట తాను తీసుకున్న చర్యను, తేదీని వ్రాసుకొనేవాడు. దస్త్రంలో ఉత్తరప్రత్యుత్తరాలకు ఒక భాగం, అధికారుల అభిప్రాయాలకు మరొక భాగం ఉండేవి. పని ముగిసిన దస్త్రాన్ని ఎంతకాలం భద్రపరచవలసి ఉందో దానిని బట్టి ఆర్.డిస్, డి.డిస్, ఎల్.డిస్ వంటి గుర్తులు వేసేవారు. ఆంధ్ర ప్రాంతపు రెవెన్యూ కార్యాలయాలలో పనిచేసినవారికి ఈ మాటలు చిరపరిచితములే.

ఆ పద్ధతిలో కట్టుదిట్టం ఉన్నది. అయినా దస్త్రం ఎవరి బల్ల మీద ఉన్నదో తెలుసుకోవాలంటే కార్యాలయానికి వెళ్ళి అడుగవలసిందే. అడుగున ఉన్న కాగితాన్ని పైకి తీయడం, పైనున్న దానిని అడుగుకు నెట్టడం గుమాస్తా చేతిలోని పని. నేటి ఆన్‌లైన్ వ్యవస్థ ఈ రెండు బలహీనతలను సరిదిద్దడానికి ఏర్పడినది. అయితే అది తనంతట తాను సరిదిద్దదు. మెట్లను సక్రమంగా అమర్చితేనే ఆ ప్రయోజనం సిద్ధిస్తుంది.

ఒక్కొక్క మెట్టులో ఉండవలసినవి

కర్ణాటకలో సేవాసింధు ద్వారా లభించే సేవలకు ఆధారమైన సర్వీస్‌ప్లస్ అనే వేదికను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం, అంటే ఎన్ఐసి, రూపొందించింది. ప్రతి సేవకూ కొత్తగా సాఫ్ట్‌వేరు వ్రాయనవసరం లేకుండా, దరఖాస్తు నమూనాను, అది ఎక్కవలసిన మెట్లను అమర్చుకొనే వీలు అందులో ఉన్నది. ఇటువంటి ఏ వ్యవస్థలోనైనా ఒక్కొక్క మెట్టుకు అయిదు అంశాలను నిర్ణయించాలి.

మొదటిది, ఆ మెట్టు మీద పనిచేసే హోదా. రెండవది, ఆ హోదాలోని వ్యక్తికి కనిపించే పత్రాలు, వివరాలు. మూడవది, అతడు తీసుకోగల చర్యలు. నాలుగవది, గడువు. అయిదవది, ఒక్కొక్క చర్య తరువాత దరఖాస్తు చేరవలసిన చోటు.

ఖాతా మార్పిడిని ఉదాహరణగా తీసుకుందాము. కేస్ వర్కరు పత్రాలను పరిశీలిస్తాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వాస్తవ స్థితిని ధ్రువీకరిస్తాడు. సహాయక రెవెన్యూ అధికారి ఆమోదిస్తాడు అని మూడు మెట్లుగా ఊహించుకుందాము. ఇందులో కేస్ వర్కరుకు ‘ఆమోదించు’ అనే బొత్తాము కనిపించకూడదు. అతడు సిఫారసు చేయగలడు, అంతే. ఆమోదించే అధికారికి దరఖాస్తుదారు ఇచ్చిన పత్రాలను మార్చే వీలు ఉండకూడదు. ఒకరు సిద్ధపరచినదానిని మరొకరు ఆమోదించడం పాత దస్త్రంలోనూ ఉన్న నియమమే. కంప్యూటరులో ఆ నియమం ఒక అనుమతిగా నమోదవుతుంది. ఒకే లాగిన్‌కు రెండు హోదాల అనుమతులూ ఇచ్చినట్లయితే రెండు సంతకాలూ ఒక్కరివే అవుతాయి. మెట్లు పేరుకు మాత్రమే మిగులుతాయి.

హోదాయే ముఖ్యము, వ్యక్తి కాదు

మెట్టును ఒక వ్యక్తి పేరుతో ముడిపెట్టడం తరచుగా జరిగే పొరపాటు. ఆ వ్యక్తి బదిలీ అయినా, సెలవు మీద వెళ్ళినా, పదవీ విరమణ చేసినా అతని లాగిన్‌లో ఉన్న దరఖాస్తులన్నీ అక్కడే నిలిచిపోతాయి. తెర మీద మాత్రం ‘పరిశీలనలో ఉన్నది’ అన్న వాక్యమే కొనసాగుతుంది. అందువల్ల మెట్టును హోదాతోను, కార్యాలయ పరిధితోను ముడిపెట్టాలి; ఆ హోదాలో నేడు ఎవరున్నారన్నది వేరుగా నమోదు చేయాలి. సెలవు కాలంలో అదనపు బాధ్యత ఎవరిదో కూడా ముందే నిర్ణయించాలి.

పరిధుల మార్పు దీనికంటె పెద్ద పరీక్ష. గ్రేటర్ బెంగళూరు పరిపాలనా చట్టం 2024 ప్రకారం బృహత్ బెంగళూరు మహానగర పాలికె స్థానంలో కేంద్ర, ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ నగరపాలక సంస్థలు అయిదు 2025 సెప్టెంబరు 2న ఏర్పడ్డాయి. వాటికి పైన గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం ఉన్నది. ఇటువంటి పునర్విభజన జరిగినప్పుడు ప్రతి సేవలోని ప్రతి మెట్టుకూ హోదాలను, పరిధులను తిరిగి ముడివేయవలసి ఉంటుంది. మార్పు నాటికే దారి మధ్యలో ఉన్న దరఖాస్తులు పాత దారిలో ముగియాలా, కొత్త దారిలోకి మారాలా అన్నది కూడా నిర్ణయించాలి. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం లేకపోతే పాత కార్యాలయం తనది కాదంటుంది, కొత్త కార్యాలయం తనకు రాలేదంటుంది. తన దరఖాస్తు అటువంటి సంధి కాలంలో పెట్టినదైతే, ప్రస్తుతం అది ఏ నగరపాలక సంస్థ పరిధిలో నమోదై ఉన్నదో పౌరుడు మొట్టమొదట నిర్ధారించుకోవాలి.

పంపడం, వెనుకకు పంపడం, తిరస్కరించడం

అధికారి ఎదుట సాధారణంగా నాలుగు చర్యలుంటాయి. పై మెట్టుకు పంపడం, క్రింది మెట్టుకు తిరిగి పంపడం, దరఖాస్తుదారును వివరణ లేదా అదనపు పత్రం అడగడం, తిరస్కరించడం. ఇవి చూడడానికి బొత్తాములే అయినా, ఒక్కొక్కదాని పర్యవసానం వేరు.

తిరస్కరణ ఒక నిర్ణయం. దాని మీద అప్పీలు చేయవచ్చు. అందువల్ల తిరస్కరించే మెట్టులో కారణం వ్రాయనిదే ముందుకు కదలని విధంగా అమర్చాలి. ‘పత్రాలు సరిగా లేవు’ అన్న మాట కారణం కాదు. ఏ పత్రంలో ఏ వివరం ఏ రికార్డుతో సరిపోలలేదో చెప్పినదే కారణం. కార్యాలయం వ్రాతపూర్వకంగా ఇచ్చే జవాబును కన్నడంలో హింబరహ అంటారు. తెలుగు కుటుంబాలకు కూడా ఈ మాట బెంగళూరులో అలవాటే. దరఖాస్తును తిరస్కరించినట్లు నోటిమాటగా విన్నవారు హింబరహ ఇవ్వవలసిందిగా కోరాలి. అది లేనిదే తరువాతి మెట్టుకు ఆధారముండదు.

వివరణ అడగడం నిర్ణయం కాదు. ఇందులోనే పౌరులకు ఎక్కువ కాలం వృథా అవుతుంది. మొదటిసారి ఒక పత్రం, రెండవసారి మరొకటి, మూడవసారి ఇంకొకటి అడుగుతూ పోతే ఒక్కొక్కసారీ దరఖాస్తు క్రిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కుతుంది. సక్రమమైన అమరికలో లోపాలన్నింటినీ ఒకే జాబితాగా, ఒకేసారి అడుగవలసి ఉంటుంది. రెండవసారి అడగవలసి వస్తే మొదటిసారి ఎందుకు అడుగలేదో అధికారి వ్రాయవలసి ఉంటుంది. దరఖాస్తుదారు సమాధానమిచ్చిన తరువాత దరఖాస్తు మొదటి మెట్టుకు పోకుండా, ప్రశ్న అడిగిన మెట్టుకే నేరుగా చేరాలి.

ప్రభుత్వ కార్యాలయాలలో వాడే ఈ-ఆఫీసు వ్యవస్థలో ఇటువంటి ఒక సూక్ష్మమైన ఏర్పాటు ఉన్నది. అధికారి చిత్తుగా వ్రాసుకొనే అభిప్రాయం పసుపుపచ్చని పుటలో ఉంటుంది. దానిని మార్చవచ్చు, తొలగించవచ్చు. ఖరారు చేసిన అభిప్రాయం ఆకుపచ్చని పుటలో చేరుతుంది. తరువాత దానిని ఎవరూ మార్చలేరు. పొరపాటు జరిగితే క్రొత్త అభిప్రాయం వ్రాయవలసిందే. ఎవరు, ఏ తేదీన, ఏ సమయానికి ఏమి వ్రాశారన్నది చెరగని చిట్టాగా మిగలడానికి ఇది ఉపకరిస్తుంది. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం పౌరుడు తన దస్త్రంలోని అభిప్రాయాల నకలును కోరవచ్చు. సాధారణంగా 30 రోజులలోగా సమాధానం రావాలి.

ఒకరి తరువాత ఒకరా, అందరూ ఒకేసారా

ఒక దరఖాస్తుకు మూడు కార్యాలయాల సమ్మతి అవసరమని, ఒక్కొక్కదానికి 7 రోజుల గడువు ఉన్నదని అనుకుందాము. ఒకదాని తరువాత మరొకటిగా పంపితే 21 రోజులు పడుతుంది. మూడింటికీ ఒకేసారి పంపితే 7 రోజులలో ముగుస్తుంది. పని అంతే, మనుషులూ వారే. తేడా అంతా అమరికలోనే ఉన్నది.

అయితే అన్నింటినీ ఒకేసారి పంపడం ఎల్లవేళలా తగదు. ఒకరి నిర్ణయం మరొకరి పరిశీలనకు ఆధారమైనప్పుడు క్రమం తప్పదు. స్థలం కొలతలు ఖరారు కాకముందే పన్ను లెక్కించడం వ్యర్థం. కాబట్టి అమర్చేవారు ప్రతి జంట మెట్ల మధ్య ‘రెండవదానికి మొదటిదాని ఫలితం కావాలా?’ అని ప్రశ్నించుకోవాలి. కావాలంటే వరుసగాను, అక్కరలేదంటే ఏకకాలంలోను అమర్చాలి. ఏకకాలంలో పంపినప్పుడు మరొక నియమం కూడా అవసరమవుతుంది. ముగ్గురిలో ఒకరు తిరస్కరిస్తే మిగిలిన ఇద్దరి పరిశీలన అక్కడితో ఆగాలా, కొనసాగాలా? కొనసాగితే లోపాలన్నీ దరఖాస్తుదారుకు ఒకేసారి తెలుస్తాయి. పౌరుని దృష్టితో చూస్తే ఇదే మేలు.

వరుస తప్పని పద్ధతి: ‘భూమి’ నేర్పిన పాఠం

కర్ణాటక రెవెన్యూ శాఖ చేపట్టిన ‘భూమి’ పథకం ఈ విషయంలో దేశానికే మార్గదర్శి అయినది. 2000 సంవత్సరం ప్రాంతంలో మొదలై, 67 లక్షల మంది రైతులకు చెందిన సుమారు 2 కోట్ల భూమి రికార్డులను అది కంప్యూటరులోకి తెచ్చింది. అంతకు ముందు ఆ రికార్డులు సుమారు 9,000 మంది గ్రామ లెక్కాధికారుల చేతులలో ఉండేవి. తాలూకా కేంద్రంలో 15 రూపాయలు చెల్లించి పహణి పత్రం పొందే వీలు కలిగింది. కోలారు, చిక్కబళ్ళాపురం, బళ్ళారి జిల్లాల తెలుగు రైతులకు కూడా ఇది అనుభవంలోని సంగతే.

భూమి పథకంలో మెట్ల అమరికకు సంబంధించిన రెండు నిర్ణయాలు గమనింపదగినవి. మొదటిది, యాజమాన్య మార్పు దరఖాస్తులను వచ్చిన వరుసలోనే పరిష్కరించాలన్న నియమం. ముందు వచ్చినదానిని ముగించనిదే తరువాతిదానిని తెరవడానికి వ్యవస్థ అనుమతించదు. రెండవది, అధికారి వ్రేలిముద్రతో మాత్రమే వ్యవస్థలో ప్రవేశించడం. తన పేరుతో మరొకరు ఆమోదించారని చెప్పుకొనే అవకాశం దీనితో తగ్గింది.

వరుస నియమంలో ఒక ఇబ్బంది కూడా ఉన్నది. ముందున్న దరఖాస్తు చిక్కుముడిగా ఉంటే వెనుకనున్నవన్నీ నిలిచిపోతాయి. కనుక వివాదం ఉన్న దరఖాస్తును ప్రక్కకు తప్పించే మార్గం ఒకటి ఉండాలి. ఆ మార్గం తలుపు తెరచి ఉంచినట్లయితే వరుసకు విలువ ఉండదు. కారణం వ్రాసి, పై అధికారి సమ్మతితో మాత్రమే తప్పించే విధంగా అమర్చితే వరుసా నిలుస్తుంది, పనీ సాగుతుంది.

ఎన్ని మెట్లు ఉండాలి

మెట్లు ఎక్కువైతే జాగ్రత్త ఎక్కువ అన్న భావన సహజమే. అయిదుగురు చూసిన దస్త్రంలో ప్రతి ఒక్కరూ మిగిలిన నలుగురూ చూస్తారన్న ధీమాతో సంతకం చేసే ప్రమాదమూ అంతే సహజం. మెట్ల సంఖ్యను నిర్ణయించవలసినది పొరపాటు జరిగితే కలిగే నష్టపు పరిమాణం.

తెలుగు రాష్ట్రాలలో దీనికి రెండు మంచి ఉదాహరణలున్నాయి. 2011లో ప్రారంభమైన మీ సేవ వ్యవస్థలో సేవలను ఏ వర్గమని, బి వర్గమని విభజించారు. అప్పటికే పరిశీలించి, డిజిటల్ సంతకం చేసి భద్రపరచిన పత్రాలు ఏ వర్గం. వీటికి క్రొత్తగా ఎవరి ఆమోదమూ అక్కరలేదు. కేంద్రంలోనే 15 నిమిషాలలో చేతికి అందుతాయి. విచారణ అవసరమైనవి బి వర్గం. ఆమోదం ముందే జరిగి ఉన్నచోట దానిని మళ్ళీ అడుగరాదన్నది ఇందులోని సూత్రం.

తెలంగాణలో 2020 నాటి భవన నిర్మాణ అనుమతుల చట్టం, అంటే టీఎస్-బీపాస్, మరొక ఉదాహరణ. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకొనేవారు పేరు నమోదు చేసుకొని, నామమాత్రంగా 1 రూపాయి చెల్లిస్తే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు నివాస గృహానికి స్వీయ ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించినవాటికి ఏకగవాక్ష పరిశీలన, 21 రోజుల గడువు ఉన్నాయి; గడువులోగా నిర్ణయం రాకపోతే అనుమతి ఇచ్చినట్లే భావిస్తారు. ఒకే సేవలో స్థలం పరిమాణాన్ని బట్టి మూడు దారులు విడిపోవడం ఇక్కడ కనిపిస్తుంది. బెంగళూరులో 50×80 అడుగుల వరకు గల నివాస స్థలాలకు ఉద్దేశించిన ‘నంబికె నక్షె’ కూడా ఈ త్రోవలోనిదే. అక్కడ ముందు నమ్మి తాత్కాలిక నకాషా ఇస్తారు, పరిశీలన తరువాత జరుగుతుంది.

మెట్లు తగ్గినప్పుడు బాధ్యత మాయం కాదు. అధికారి నుండి దరఖాస్తుదారుకు మారుతుంది. స్వీయ ధ్రువీకరణలో వాస్తవాలకు విరుద్ధంగా వ్రాసి కట్టిన నిర్మాణాన్ని నోటీసు లేకుండానే తొలగించే అధికారం తెలంగాణ చట్టంలో ఉన్నది. త్వరగా వచ్చిన అనుమతిని చూసి సంతోషించే ముందు, సంతకం చేసిన ప్రకటనలోని ప్రతి వాక్యాన్నీ చదువుకోవడం అవసరం.

తొలగింపరాని మెట్టు

త్వరగా పని ముగియాలన్న కోరికతో తొలగింపరాని మెట్టు ఒకటి ఉన్నది. అది ఆక్షేపణలకు అవకాశమిచ్చే నోటీసు. ఇంటి యజమాని మరణించిన తరువాత వారసత్వ ఖాతా మార్పు కోసం ఒక కుమారుడు మాత్రమే దరఖాస్తు పెట్టాడనుకుందాము. వివాహమై వేరే ఊరిలో ఉన్న కుమార్తెకు ఆ సంగతి తెలిసే మార్గం నోటీసు ఒక్కటే. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 నాటి చట్ట సవరణతోను, కర్ణాటక 1994 నాటి సవరణతోను గుర్తించాయి. 2005లో దేశమంతటికీ వర్తించే సవరణ వచ్చింది. చట్టం ఇచ్చిన ఆ హక్కు దస్త్రంలో నిలబడాలంటే వారసులందరి వివరాలనూ అడిగే గడి దరఖాస్తులో ఉండాలి. వారికి నోటీసు చేరే మెట్టు దారిలో ఉండాలి. ఆక్షేపణ వస్తే దరఖాస్తు తానుగా ముందుకు పోకుండా విచారణ దారికి మళ్ళాలి.

ఖాతా అన్నది పన్ను చెల్లింపు కోసం ఏర్పడిన నమోదే గాని, యాజమాన్య పత్రం కాదు. అయినా 2024 అక్టోబరు నుండి బెంగళూరులో స్థిరాస్తి రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా తప్పనిసరి అయినందున, ఖాతాలో పేరు లేనివారికి తెలియకుండా ఆస్తి చేతులు మారే ప్రమాదం ఉన్నది. ఈ కారణం వల్లనే గడువు దాటితే అనుమతి ఇచ్చినట్లే అన్న నియమం ఇంటి నకాషాకు తగినంతగా ఖాతా మార్పిడికి తగదు. మూడవ వ్యక్తి హక్కు ముడిపడి ఉన్నచోట గడువు దాటిన దరఖాస్తు తనంతట తాను ఆమోదం పొందడం కంటె పై అధికారి వద్దకు చేరడం క్షేమకరం.

గడువు, పరిహారం

గడువు దాటినప్పుడు ఏమి జరగాలన్నది కూడా అమరికలోని భాగమే. అధికారికి గుర్తుచేయడం ఒకటి, పై అధికారికి తెలియజేయడం రెండు, తుదకు చట్టం కల్పించిన పరిష్కారం మూడు.

కర్ణాటకలో ఆ పరిష్కారం పేరు సకాల. 2011లో శాసనమై, 2012 ఏప్రిల్ 2 నుండి రాష్ట్రమంతటా అమలులోకి వచ్చిన ఈ చట్టం క్రింద నోటిఫై చేసిన ప్రతి సేవకూ ఒక గడువు ఉన్నది. దరఖాస్తు స్వీకరించినప్పుడు ప్రత్యేక సంఖ్యతో రసీదు ఇస్తారు. గడువులోగా సేవ అందకపోయినా, దరఖాస్తును తిరస్కరించినా, 30 రోజులలోగా సమర్థాధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ న్యాయం జరుగలేదనుకుంటే పైన మరొక అప్పీలు ఉన్నది. జాప్యానికి రోజుకు 20 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 500 రూపాయల వరకు పరిహారం పొందవచ్చు. అంటే 25 రోజుల జాప్యంతో పరిహారం గరిష్ఠ పరిమితిని చేరుతుంది. సొమ్ము స్వల్పమే. కాని బాధ్యుడైన అధికారి నుండి దానిని వసూలు చేస్తారు కనుక, జాప్యం ఏ మెట్టులో జరిగిందో తేల్చవలసిన అవసరం ఏర్పడుతుంది. మొత్తం గడువును మెట్లవారీగా పంచకుండా వదలివేస్తే, చివరి మెట్టులోని అధికారి చేతికి ఒక్క రోజు మాత్రమే మిగిలి, తనది కాని జాప్యానికి అతడు జవాబుదారి అవుతాడు.

తెలుగు పేర్లు, సరిపోలని అక్షరాలు

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ-ఖాతా దరఖాస్తుకు ఆధార్, ఆస్తి పన్ను సంఖ్య, రిజిస్టరు చేసిన దస్తావేజు వివరాలు, బెస్కాం సంఖ్య, ఆస్తి ఛాయాచిత్రం వంటివి సిద్ధం చేసుకోవాలి. వీటిలో పేరు ఒకేవిధంగా ఉండడం ముఖ్యం. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. దస్తావేజులో పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పన్ను రసీదులో పేరు చివర ఉండడం సర్వసాధారణం. తెలుగులోని పేరు ఇంగ్లీషులోకి, అక్కడి నుండి కన్నడంలోకి మారినప్పుడు దీర్ఘాలు పోతాయి, ఒత్తులు మారుతాయి. మనిషి కంటికి ఇద్దరూ ఒక్కరే. అక్షరాలను పోల్చే యంత్రానికి ఇద్దరు వేరు.

పేర్లు సరిపోలనప్పుడు యంత్రం తనంతట తాను తిరస్కరించేటట్లు కాక, ఒక అధికారి పరిశీలనకు పంపేటట్లు అమర్చడం న్యాయం. ఆ మెట్టులో ప్రమాణపత్రం, పాత పన్ను రసీదులు, విద్యుత్తు బిల్లులు వంటి ఆధారాలను చేర్చే వీలుండాలి. పౌరులు తమ వంతుగా చేయదగిన పని కూడా ఉన్నది. దరఖాస్తు పెట్టకముందే అన్ని పత్రాలనూ ఒకచోట పెట్టి పేరును అక్షరం అక్షరంగా పోల్చి చూసుకోవాలి. తేడా ఉంటే ముందుగానే సరిచేసుకోవాలి. వీలుకాకపోతే వివరణను మొదటి దరఖాస్తుతోనే జతపరచాలి. ముసాయిదా ఈ-ఖాతాలో కన్నడంలో ముద్రితమైన పేరును కన్నడం చదువగలిగినవారి చేత చదివించుకోవడం మరువరాదు. తుది పత్రం వెలువడిన తరువాత దిద్దుబాటుకు మళ్ళీ మొదటి మెట్టు నుండి ఎక్కవలసి వస్తుంది.

ప్రారంభానికి ముందు పరీక్ష

కొత్త అమరికను పౌరులకు తెరవడానికి ముందు పరీక్షించడం ఆచారం. అన్నీ సరిగా ఉన్న దరఖాస్తుతో పరీక్షిస్తే ప్రతి అమరికా నెగ్గుతుంది. పత్రం లేనిది, పేరు తేడాగా ఉన్నది, ఒకే ఆస్తికి రెండుసార్లు పెట్టినది, ఆక్షేపణ వచ్చినది, అధికారి సెలవులో ఉండగా చేరినది, గడువు దాటినది అనే ఆరు విధాల దరఖాస్తులను నడిపి చూసినప్పుడే లోపాలు బయటపడతాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట ముగియాలి. ఎక్కడా ముగియక తిరుగుతూ ఉండే దారి ఒక్కటి మిగిలినా, రేపు ఏదో ఒక కుటుంబం దరఖాస్తు అందులో చిక్కుకుంటుంది.

నివాసుల సంఘాలు, అపార్టుమెంటు సంఘాలు తమ వార్డు సమావేశాలలో ఈ కోణంలో అడుగవచ్చు. సేవ ఎన్ని రోజులలో అందుతుందన్న ప్రశ్నతో పాటు, ఏ మెట్టులో ఎన్ని దరఖాస్తులు ఎన్ని రోజులుగా ఉన్నాయో మెట్లవారీగా చెప్పవలసిందిగా కోరవచ్చు. జాప్యమంతా ఒకే మెట్టు వద్ద పేరుకొని ఉంటే అక్కడ మనుషులు చాలడం లేదో, అమరిక తప్పో తేలుతుంది.

ప్రతి దరఖాస్తుదారూ భద్రపరచుకోవలసినవి నాలుగు: దరఖాస్తు సంఖ్య గల రసీదు, సమర్పించిన పత్రాల నకళ్ళు, స్థితి మారిన ప్రతిసారీ తెర మీది వాక్యపు చిత్రం తేదీతో సహా, కార్యాలయం అడిగిన ప్రశ్నలు, తామిచ్చిన సమాధానాలు. అప్పీలు చేయవలసి వచ్చిన నాడు ఏ మెట్టులో ఎన్ని రోజులు గడిచాయో వీటి ఆధారంతోనే నిరూపించవచ్చు. గడువు ముగిసిన తేదీని రసీదు మీదనే వ్రాసి పెట్టుకుంటే, అప్పీలుకు ఉన్న 30 రోజులు తెలియకుండా గడచిపోవు.